సోమవారం వేయవలసిన రంగు

ఆగస్టు పంతొమ్మిది, శుక్రవారం. ఆ మధ్యాహ్నం తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, మిరియాల పొడి చల్లిన బంగాళాదుంప ముక్కలు, కాస్త మాడిన రొట్టె. ముప్పై ఒక్క ఏళ్ళు గడిచినా పెద్దాయనకు ఆ అన్నం డబ్బా మూత ఊడిరానని మొరాయించిన సంగతి కూడా గుర్తుంది.

కానీ ఇప్పుడు ఆ సంగతి ఎవరూ అడగడం లేదు. కోడలు అడుగుతున్నది వేరే.

"ఆ రెండు సున్నాలూ ఎందుకు గీశారు మావయ్యా?"

ఆమె చేతిలో, పొద్దున గేటుకి అంటించి వెళ్ళిన నోటీసు ఉంది. వెనకవైపు జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. దానికి పిన్ను చేసి ఇంటి ప్లాను నకలు. గోడల మందం, కిటికీల వెడల్పు, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపే వంపుగీతతో సహా పెద్దాయన స్వయంగా గీసిన ప్లాను. అందులో వెనక గది కిటికీ కింద చిన్న చతురస్రం, చతురస్రంలో రెండు సున్నాలు. అది పొయ్యికి గుర్తు.

"ఉన్నది గీశానమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఉన్నవన్నీ గీసేస్తారా? బాత్రూం తలుపు వెనక చీపురుంది. అది కూడా గీయలేకపోయారా?"

"చీపురుకి గుర్తు లేదు ప్లానుల్లో."

గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న కొడుక్కి నవ్వొచ్చింది. భార్య చూపు తగిలి ఆ నవ్వు దగ్గులోకి మారింది.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊరందరినీ పైకీ కిందికీ తిప్పే మనిషి, ఇంట్లో గొడవొస్తే మాత్రం రెండంతస్తుల మధ్య ఆగిపోతాడని అతని భార్య ఫిర్యాదు.

"మీరేమైనా మాట్లాడతారా?" అంది అతని వైపు తిరిగి.

"మాట్లాడటమెందుకు? పొయ్యి విప్పేశాను."

"ఏంటీ?"

"నోటీసు చూడగానే. గొట్టం ఊడదీసి, పొయ్యి తెచ్చి మన మంచం కింద పెట్టాను. ఇప్పుడొచ్చి చూసుకోమను."

"శభాష్! సున్నాలు కాగితం మీద, పొయ్యి మంచం కింద. ఆ ఇన్‌స్పెక్టరుకి కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి. మోకాళ్ళు లేవు. గేటు అడుగున నోటీసు అంటించడానికే వంగలేకపోయాడు పాపం."

ఆమె నోటీసును బల్ల మీద పెట్టి అరచేత్తో నున్నగా రాసింది. లెక్కల టీచరు. కోపం వచ్చినప్పుడు కూడా కాగితం నలగనివ్వదు.

"ఆయన నాతో ఏమన్నాడో తెలుసా మావయ్యా? 'నా సర్వీసులో ఇంత శుభ్రమైన ప్లాను చూళ్ళేదమ్మా. లోపలికొచ్చి కొలిచే పని కూడా తప్పింది' అన్నాడు. మెచ్చుకుంటూనే అంటించి వెళ్ళాడు."

పెద్దాయన ముఖంలో ఒక్క క్షణం సంతోషం మెరిసింది. మరుక్షణమే దానికి తానే సిగ్గుపడి తల దించుకున్నాడు. నలభై ఏళ్ళు నగర కార్యాలయంలో పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన మనిషి. వీధిలో అందరికీ 'స్కేలు తాతగారు'. గీత బాగుందంటే ఇప్పటికీ లోపల ఎక్కడో దీపం వెలుగుతుంది.

చిక్కంతా ఆ దీపంతోనే వచ్చింది.

నగర పటంలో పసుపు రంగు పూసిన వీధుల్లో ఒక స్థలానికి ఒకే ఇల్లు, ఒక ఇంటికి ఒకే పొయ్యి. గోధుమరంగు పూసిన వీధుల్లో అయితే ఒకే స్థలంలో నలుగురు కాపురాలు పెట్టుకోవచ్చు. వీళ్ళ వీధి పసుపు. పసుపు వీధుల్లో కూడా నాలుగు కాపురాల దాకా ఒప్పుకుందామని కౌన్సిలు కొత్త రూలు తయారుచేసి, జనం ఏమంటారో చెప్పమంది. పెద్దాయన సంబరపడి అర్జీ రాశాడు. ఒకే స్థలంలో రెండు కాపురాలు ఎవరికీ అడ్డం కాకుండా ఎంత చక్కగా సర్దుకుంటాయో చూపించడానికి తమ ఇంటి ప్లానే గీసి జతచేశాడు. కొత్త రూలు ఇంకా రాలేదు. పాత రూలు ఆ ప్లాను చదువుకుని గేటు దాకా వచ్చేసింది.

తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. కాకపోతే పొడిచింది తన కన్ను కూడా కాదు.

"ఏడు రోజులు," అంది కోడలు. గొంతు తగ్గింది. తగ్గిన గొంతే పెద్దాయనను ఎక్కువ భయపెట్టింది. "ఏడు రోజుల్లో రెండో పొయ్యి తీసేయాలి, వెనక గది ఖాళీ చేయించాలి. ఆ గదిలో ఉండే ఆవిణ్ణి ఈ ఇంటికి తెచ్చింది నేను. నేను మాటిచ్చాను మావయ్యా. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

పెద్దాయన నోరు తెరిచాడు. ఆగస్టు పంతొమ్మిది నాలుక చివరి దాకా వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఏదో కారణం ఉండే ఉంటుంది మీకు," అంది ఆమె. "అది చెప్పరు. అదే నా బాధ."

*

వెనక గదిలో ఉండేది బస్సు డ్రైవరు. నలభై అయిదేళ్ళ మనిషి. తెల్లవారుజామున నాలుగూ యాభైకి డిపో నుంచి బయల్దేరే మొదటి బస్సు ఆవిడదే కాబట్టి వీధిలో ఆవిడ పేరు ఫస్ట్ బస్సు. డిపో ఈ వీధి చివరే. కానీ డిపో చుట్టుపక్కలంతా పసుపే. ఒక్క గది అద్దెకు దొరకదు. మూడేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున, స్కూలుకు వెళ్తున్న కోడలు, డ్రైవరమ్మ స్టాపులో బస్సాపి, సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కోవడం చూసింది. ఇల్లు రెండు గంటల దూరం కావడంతో రాత్రి డిపో బల్ల మీదే పడుకుందట. ఆ సాయంత్రమే, "మా వెనక గది ఊరికే ఉంది, ఓసారి చూడండి," అంది కోడలు.

ఒంటిగంటకు డ్యూటీ దిగి వచ్చింది డ్రైవరు.

"వదినా, గేటుకి ఆ జిగురేంటి? చెయ్యి అతుక్కుపోయింది!"

 ఆమె ముగ్గురి ముఖాలూ చూసి, బల్ల మీది కాగితం తీసుకుంది. రూటు చార్టు చదివినట్టు పై నుంచి కింద దాకా ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చదివింది.

"'వెనక గదిలో నివసించు వ్యక్తి'. నేనేనా?"

"నువ్వే," అన్నాడు కొడుకు.

"ఫరవాలేదు, ఫస్ట్ బస్సు కన్నా గౌరవంగానే ఉంది."

ఆ మాటకు నవ్వాల్సింది. ఎవరూ నవ్వలేదు.

ఆమె కాగితం తిప్పి ప్లాను చూసింది. "బాబాయిగారూ, నా కిటికీ భలే వచ్చిందే. కుండీ కూడా గీశారు!"

"కుండీకి గుర్తుందమ్మా," అన్నాడు పెద్దాయన.  "నా వల్లే వచ్చింది ఇదంతా. నేనే..."

"మీరు కాకపోతే ఇంకొకళ్ళు. ఎన్నాళ్ళు దాక్కుంటాం?" ఆమె మెడలోని తాళాల తాడు తీసి వేలికి చుట్టుకుంది. "ఆదివారం నాకు సెలవు. సామానెంత, రెండు పెట్టెలు, ఓ కుర్చీ, ఆ కుండీ. మా అక్క దగ్గరికి పోతాను."

"మీ అక్కిల్లు ఊరవతల," అంది కోడలు. "నాలుగూ యాభైకి బస్సు తియ్యాలంటే ఎన్నింటికి లేస్తావ్?"

"లేవడమెందుకు వదినా, పడుకోకపోతే సరి."

"వేళాకోళమా?"

"మరేం చెయ్యమంటావ్? ఏడవనా?" డ్రైవరు నవ్వబోయి ఆగింది. కాసేపటికి మెల్లగా అంది. "నేనొక్కదాన్నే అయితే నిద్ర లేకపోయినా ఏదోలా నెట్టుకొస్తా. వెనకాల నలభై మంది కూర్చుంటారు. ఆసుపత్రికి పోయే నర్సులు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు. ఎక్కగానే కళ్ళు మూసుకుంటారు వాళ్ళు. నేను మేలుకుని ఉన్నానని ధీమా."



పెద్దాయన ముందు కంచం అలాగే ఉంది. డ్రైవరు వెళ్తూ వెళ్తూ, నీళ్ళ గ్లాసు కంచం పక్కకు జరిపి, "తినండి బాబాయిగారూ. సాయంత్రం ఆ కొత్త రూలు మీద కౌన్సిల్లో మాట్లాడాలి మీరు. ఖాళీ ట్యాంకుతో బండి నడవదు," అంది.

ఉద్వాసన చెప్పించుకున్న మనిషి, చెప్పించినవాడికి అన్నం గుర్తుచేసి వెళ్ళింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

*

సాయంత్రం అయిదింటికల్లా కౌన్సిలు హాలు నిండిపోయింది. మాట్లాడేవాళ్ళకు చీటీలిచ్చారు. మనిషికి మూడు నిమిషాలు. గుమాస్తా బల్ల మీద ఓ చిన్న గంట. టైము దాటితే టింగుమంటుంది.

పెద్దాయనది పద్నాలుగో చీటీ. జేబులో కోడలు టైపు చేసిచ్చిన కాగితం ఉంది. దానిలో ఎక్కడా పొయ్యి ఊసు లేదు. "ఉన్నదున్నట్టు చదవండి మావయ్యా. ఒక్క ముక్క ఎక్కువ వద్దు," అని మూడుసార్లు చెప్పింది. ఇప్పుడు పక్కనే కూర్చుంది. ఆమెకు అటు పక్క డ్రైవరు, యూనిఫాంలోనే. కొడుకు ఏదో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని ఫోనొస్తే వెళ్ళాడు.

పదకొండో చీటీ ఎదురింటి పళ్ళ డాక్టరుది.

"నేను ఈ వీధికి ఎందుకొచ్చాను? ప్రశాంతత కోసం," అన్నాడాయన మైకు సర్దుకుంటూ. "రేపు పక్కింట్లో నాలుగు కాపురాలు దిగుతాయి. నాలుగు టీవీలు, నాలుగు కార్లు, నలుగురి గొడవలు."

"నాలుగింతల పళ్ళు కూడా డాక్టరుగారూ! మీకేగా లాభం!" అని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

డాక్టరు తడబడలేదు. "నవ్వండి. కానీ ఒకటి చెప్తాను. ఈ పటం గీసిన పెద్దలు తెలివితక్కువవాళ్ళు కాదు. మా వీధి మొగ దాకా గోధుమరంగు, అక్కణ్ణుంచి ఇటంతా పసుపు. ఊరికే వేస్తారా? ఏదో ఆలోచించే వేసుంటారు. ఆ ఆలోచనను మనం గౌరవించాలి."

చప్పట్లు కొట్టారు. చాలామందే కొట్టారు.

 పన్నెండో మనిషి, పదమూడో మనిషి ఏం మాట్లాడారో పెద్దాయనకు వినిపించలేదు. తన చీటీ పిలిచేసరికి లేచి నడిచాడు. మైకు ఎత్తుగా ఉంది. ఆయన అడక్కముందే గుమాస్తా లేచి వచ్చి మైకు కిందికి దించి, నీళ్ళ సీసా మూత తిప్పి పెట్టి వెళ్ళాడు. అంత చిన్న సాయమే ఒక్కోసారి మనిషిని నిలబెడుతుంది.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. చూశాడు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కోడలు కుర్చీ అంచుకు జరిగింది.

"ఇందాక డాక్టరుగారు ఈ పటం గీసిన పెద్దలన్నారు," అన్నాడు పెద్దాయన. "వాళ్ళలో రంగులు వేసినవాణ్ణి నేనండీ."

హాల్లో గుసగుసలు ఆగాయి.

"ఆగస్టు పంతొమ్మిది, శుక్రవారం. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట. ఇరవై మూడో షీటు నా బల్ల మీద ఉంది. మా వీధి, దాని వెనక రెండు వీధులు, డిపో దాకా గోధుమరంగు వెయ్యాలని పై ఆఫీసరు రాసిచ్చిన కాగితం కూడా ఉంది. మా వీధి మొగ దాకా, షీటులో సగం వేశాను. సీసాలో గోధుమరంగు అయిపోయింది. స్టోర్సు నుంచి ఇంకో సీసా తేవాలి. స్టోర్సు రెండింటికి మూస్తారు. నేను రెండూ పదికి వెళ్ళాను."

"ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగింది కౌన్సిలు అధ్యక్షురాలు. మందలింపుగా కాదు. తెలుసుకుందామని.

"ఆ రోజు మా ఆవిడ అన్నం డబ్బా తానే పట్టుకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో కాదండోయ్, అప్పటికి మాకు స్కూలుకెళ్ళే పిల్లాడున్నాడు. అయినా ఆ రోజెందుకో వచ్చింది. ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని తిన్నాం. రెండు గుడ్లు, బంగాళాదుంపలు, రొట్టె. రొట్టె మాడిందని ఆవిడ, మాడిందే బాగుందని నేను. ఆ వాదన పది నిమిషాలు పట్టింది."

ఎవరో చిన్నగా నవ్వారు. మంచి నవ్వే.

"ఆఫీసరుకి ఊరెళ్ళే తొందర. 'ఖాళీగా వదిలితే బాగుండదు, ప్రస్తుతానికి పసుపు పూసెయ్. సోమవారం దాని మీద గోధుమరంగు వేద్దాం' అన్నారు. పూశాను. మరిచిపోకుండా షీటు అంచున పెన్సిలుతో రాసుకున్నాను. 'గోధుమ వెయ్యాలి, సోమవారం' అని. సోమవారం నేనొచ్చేసరికి షీటు సంతకానికి వెళ్ళిపోయింది. సంతకమయ్యాక అచ్చుకి వెళ్ళింది. రెండుసార్లు అడిగాను. వచ్చే సవరణలో చూద్దామన్నారు. ఆయన రిటైరయ్యారు. నేనూ రిటైరయ్యాను. మా వీధి మొగకి అటు గోధుమ, ఇటు పసుపు. మధ్యలో ఉన్నది ఆలోచన కాదండీ. ఖాళీ సీసా."

మూడు నిమిషాలు దాటాయి. గంట మోగలేదు. గుమాస్తా దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"మా ఇంట్లో రెండో పొయ్యి ఉందని నా ప్లాను చూసే మీ ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు. మా కోడలు పొద్దుట్నుంచీ అడుగుతోంది, ఆ రెండు సున్నాలూ ఎందుకు గీశారని. వదిలెయ్యొచ్చు. చెయ్యి రాలేదు. ఒకసారి కాగితం మీద అబద్ధం పూశాను. దాని కింద మూడు వీధులు ముప్పై ఏళ్ళు బతికాయి. ఇంకొకటి గీయలేకపోయాను."

ఆయన కోడలి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

పళ్ళ డాక్టరు లేచి నిలబడ్డాడు. "అంటే... అంటే మా వీధి మర్యాదంతా మీ సిరా బుడ్డి దయా?"

"కూర్చోండి డాక్టరుగారూ," అంది అధ్యక్షురాలు. రికార్డు గది ఉద్యోగిని పిలిచింది. "ఇరవై మూడో షీటు అసలుది ఉందా?"

"పాతవన్నీ నేలమాళిగలో ఉన్నాయి మేడం. ఆ మధ్య పైపు పగిలి కొన్ని కట్టలు తడిశాయి. ఏవి బాగున్నాయో విప్పితే గానీ తెలీదు."

"విప్పండి." ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుంది. "ఇది ఒక్క వీధి సంగతి కాదు. మనం కాపాడుతున్న గీతలు ఎందుకు గీశారో తెలుసుకుని ఓటేద్దాం. కొత్త రూలు మీద ఓటు వాయిదా. సోమవారం ఉదయం పదింటికి. షీటు ఈ బల్ల మీద ఉండాలి."

సోమవారం అన్న మాట విని పెద్దాయన మైకు స్తంభాన్ని పట్టుకున్నాడు.

"మీ నోటీసు కూడా అప్పటిదాకా ఆపుతున్నాను," అంది ఆమె. "కానీ రెండో పొయ్యి వెలగకూడదు. వెలిగిందని తెలిస్తే నేనేమీ చెయ్యలేను. ఇంకొకటి తాతగారూ. ఆ పెన్సిలు రాత కనబడితే కాదనేవాళ్ళు తగ్గుతారు. కనబడకపోతే మీ మాటొక్కటే మిగులుతుంది. ఒక్క మాట మీద ఓట్లు కదలడం కష్టం."

*

ఇంటిదారి పట్టారు. కోడలు రెండడుగులు ముందు నడుస్తోంది. ఆమె ఎప్పుడూ ఇంత మెల్లగా నడవదని, ముసలి కాళ్ళ కోసమే అడుగు తగ్గించిందని వీధి మలుపు తిరిగాక గానీ పెద్దాయనకు తట్టలేదు.

"తాతగారూ, ఆగండి!" వెనకనుంచి పళ్ళ డాక్టరు రొప్పుకుంటూ వచ్చాడు. "ఆ కాగితంలో గోధుమ అన్నది మా వైపు ఇళ్ళకి కూడానా?"

"మీ వైపు కూడానండీ."

"ఖాయంగా?"

"ఖాయంగా."

డాక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీకో సంగతి చెప్తాను, బయట పెట్టకండి. మా అత్తగారు అయిదేళ్ళుగా అడుగుతోంది. మా పెరట్లో చిన్న వాటా వేసుకుని ఉంటానని. రూలు ఒప్పుకోదు అత్తయ్యగారూ అని చెప్తూ వస్తున్నాను. ఎంత మంచి రూలు! రేపు అది పోతే నేనేం చెప్పుకోను?"

డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోడలు మాత్రం వెనక్కి తిరిగి, క్లాసులో నిలబడ్డట్టు నిలబడింది.

"రమ్మని చెప్పండి డాక్టరుగారూ. ప్లాను మా మావయ్య గీసిస్తారు. పొయ్యితో సహా."

పొద్దున్నుంచీ ఆమె 'మా మావయ్య' అనడం అదే మొదటిసారి.

 డాక్టరు తన గేటు తీసుకుంటూ, "సోమవారం నేనూ వస్తాను. ఆ రాత నా కళ్ళతో చూస్తే గానీ నమ్మను," అన్నాడు. అది బెదిరింపో, ఆశో ఆయనకే తెలిసినట్టు లేదు.

"అత్తయ్యకి తెలుసా ఈ సంగతి మావయ్యా?" అని అడిగింది కోడలు, తమ గేటు దగ్గర ఆగి.

"తెలుసు. పోయేదాకా, పటం మాట ఎప్పుడొచ్చినా 'మీ సోమవారం ఇంకా రాలేదా?' అనేది."

కోడలు గేటు మీద మిగిలిన జిగురును గోటితో గీకింది. "నాకు చెప్పి ఉంటే పొద్దున అన్ని మాటలనేదాన్ని కాదు."

"అన్నీ న్యాయమైన మాటలే కదమ్మా."

"అయినా," అంది ఆమె. ఆ ఒక్క మాటలో ఏదో తేలికపడింది.

*

వెనక గదికీ ఇంటికీ మధ్య ఒక తలుపుంది. డ్రైవరు దిగిన రోజే, ఎవరి గుట్టు వాళ్ళకుండాలని గడియ వేసి, ఇటువైపు పెద్ద బట్టల బీరువా అడ్డం పెట్టారు. ప్లానులో పెద్దాయన ఆ తలుపూ గీశాడు, బీరువా కూడా గీశాడు.

"జరపండి," అంది కోడలు, అప్పుడే ఇల్లు చేరిన భర్తతో.

"ఏది?"

"బీరువా. సోమవారం దాకా ఒకే పొయ్యి. ఒకే పొయ్యి మీద వండుకుంటే ఒకే ఇల్లు. వాళ్ళ రూలే కదా. ఆవిడ పెరడంతా చుట్టూ తిరిగి వచ్చి అతిథిలా కూర్చుని తినడమెందుకు?"

"సోమవారం తర్వాత?"

"సోమవారం సంగతి సోమవారం."

బీరువా ఒక పట్టాన కదల్లేదు. అటునుంచి డ్రైవరు, "ఎడమకి కొట్టండి, ఎడమకి! ఇప్పుడు రివర్సు!" అని తలుపు వెనకనుంచి కేకలేసింది. బీరువా జరిగిన చోట నేల మీద మూడేళ్ళ దుమ్ము నలుచదరంగా మిగిలింది. తుప్పు పట్టిన గడియను కొడుకు నూనె చుక్క వేసి లాగాడు. తలుపు తెరుచుకుంది. అవతల డ్రైవరు కంచం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"టిక్కెట్టు కావాలా లోపలికి రావడానికి?"

"పాసుంది, రా," అంది కోడలు.

ఆమె వంటగదిలోకి వెళ్ళి ఎవరినీ ఏమీ అడక్కుండా గిన్నె పెట్టింది. కాసేపటికి బల్ల మీదికి ఉడకబెట్టిన గుడ్లు వచ్చాయి. తర్వాత మిరియాల పొడి చల్లిన బంగాళాదుంపలు. తర్వాత రొట్టె.

పెద్దాయన కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"రొట్టె కాస్త మాడింది మావయ్యా," అంది కోడలు, ఆయన వైపు చూడకుండా.

"మాడిందే బాగుంటుందమ్మా."

నలుగురూ తిన్నారు. లిఫ్టులో ఇరుక్కున్నది ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరని, బయటికి తీసేసరికి తన ఫోటోలు తానే వంద తీసుకున్నాడని కొడుకు చెప్పాడు. డ్రైవరు పొరబోయేలా నవ్వింది. పెద్దాయనకు ఆకలి పొద్దున్నుంచీ దాక్కుని ఇప్పుడు బయటికొచ్చినట్టుంది. మూడో రొట్టె ముక్క తానే అడిగి వేయించుకున్నాడు.

"ఆ పెన్సిలు రాత కనబడుతుందా బాబాయిగారూ?" అడిగింది డ్రైవరు, చేతులు కడుక్కుంటూ. పెట్టెలు సర్దుకోవాలా వద్దా అన్న ప్రశ్నను ఆమె అలా అడిగింది.

 ఆఫీసులో పెద్దాయన దగ్గర రెండు పెన్సిళ్ళుండేవి. గీతలకు గట్టిది, రాతలకు మెత్తది. గట్టిదైతే కాగితం తడిసినా గాడి మిగులుతుంది. వెలుతురుకు ఏటవాలుగా పెడితే చదవొచ్చు. మెత్తదైతే తడి షీట్లు ఒకదానికొకటి రాసుకునే ఒరిపిడికే చెరిగిపోతుంది. ఆ శుక్రవారం తొందరలో చేతికి ఏది తగిలిందో!

"పెట్టెలు మాత్రం సర్దకమ్మా," అన్నాడు చివరికి.

ఎనిమిదిన్నరకు డ్రైవరు వెళ్ళి పడుకుంది. మూడున్నరకు లేవాలి మరి. పెద్దాయన కుర్చీలోనే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మిరియాల ఘాటు గుర్తొచ్చింది. మూత మొరాయించడం, ఆవిడ పమిట చెంగుతో పట్టి తిప్పడం, మెట్టు మీద రాలిన రొట్టె పొడికి చీమలు రావడం, అన్నీ వచ్చాయి. పెన్సిలు మాత్రం రాలేదు.

అవతలి గదిలోంచి సన్నగా గురక వినిపించింది. నలభై మందికి ధీమా ఇచ్చే నిద్ర. కోడలు పిల్లిలా నడిచి వెళ్ళి, మధ్య తలుపు గడియ మీద చెయ్యి వేసి, ఆగింది. మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళు తెరిచి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె గడియ వదిలేసి, తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.